నల్ల కోటులో కదలిక

"చూడండమ్మా, కిష్టప్పన్న ఊపిరి పీలుస్తా ఉండాడు" అంది చిక్కమ్మ, టీవీ వైపు చెయ్యి చూపించి.

పంక్తిలో కూర్చున్న ఆడవాళ్ళు నవ్వారు. "కండ్లకి ఆపరేషన్ చేయించుకో అవ్వా" అంది ఒకామె. "చచ్చినోళ్ళు ఊపిరి పీల్చేది నీకొక్కదానికే కనపడతాది" అంది ఇంకొకామె. చిక్కమ్మ వడ విరుచుకుంటూ మళ్ళీ టీవీనే చూసింది.

నాగరత్న నవ్వలేదు. ములబాగల్‌లో చిన్న ఆఫీసు పెట్టుకున్న ప్రైవేటు డిటెక్టివ్ ఆమె. ముసలివాళ్ళు చూసినదానికి అర్థం తప్పు చెప్పవచ్చు గానీ, చూడనిదాన్ని చూశామనరని ఆమె అనుభవం. లేచి వెళ్ళి టీవీకి మూరెడు దూరంలో నిలబడింది.

ఊరిగాంలో పాత గని కంపెనీ కూలీలకు కట్టిన లైను ఇంటి ముందు షామియానా. అది కృష్ణప్ప వైకుంఠ సమారాధన. బంగారు గనిలో బతుకంతా పనిచేసి, గని దుమ్ము ఊపిరితిత్తుల్లో పెట్టుకుని, పదకొండు రోజుల కిందట మంచం మీదే పోయినవాడు. తెర మీద అతని నివాళి వీడియో ఆగకుండా తిరుగుతోంది. మధ్యలో ఫొటో, కింద వెలిగే దీపం, పైన కన్నీటి నివాళి అన్న అక్షరాలు, వెనక భజన పాట. ఫొటోలో కృష్ణప్పకు గుబురు మీసం, ఒంటి మీద నల్ల కోటు. ఆ కోటు అతనిది కాదు, స్టూడియోవాడిది. ఆ రోజుల్లో గనిలో మేస్త్రీ అయిన ప్రతివాడూ ఆ కోటే తొడుక్కుని ఫొటో దిగాడు. లైనులో సగం ఇళ్ళ గోడల మీద వేరువేరు తలకాయలు, ఒకటే కోటు.

ఫొటో వెనక తెల్ల గుడ్డ కదలడం లేదు. ముఖం కదలడం లేదు. దీపం కదులుతోంది, అది సహజం. కానీ కోటు లోపల, గుండెల దగ్గర, బూడిదరంగు నీడ ఒకటి పైకి లేచి కిందికి దిగుతోంది. వీడియో అయిపోయి మళ్ళీ మొదలైంది. మళ్ళీ అదే చోట, అదే నీడ, అలాగే లేచింది. దయ్యాలకు అంత క్రమశిక్షణ ఉండదు.

"వీడియో ఎవరు చేసినారు?" అంది నాగరత్న.

"సునీలే" అంది పక్కకు వచ్చి నిలబడ్డ గంగ. కృష్ణప్ప ఒక్కగానొక్క కూతురు, వేమగల్ ఫ్యాక్టరీలో పని. నాగరత్నను పిలిపించింది ఆమే. "మా చిన్నాన్న కొడుకు. బైరకూరు వాడు. యూట్యూబు చూసి నేర్చుకున్నాడంట. పొద్దున్నుంచి వచ్చినోళ్ళకంతా అదే చెప్తా ఉండాడు." గొంతు తగ్గించింది. "అమ్మా, టైము లేదు. మా నాయన్ని చూసుకునేదానికి పెట్టుకున్న చంద్రికే ఊపిరి మిషన్ ఆపి చంపిందని, కడపంక్తి లేచినాక పెద్దలంతా కంప్లైంటు మీద సంతకాలు పెడతారంట. చంద్రికను ఆ కోలారు డిటెక్టివ్ అంబరీష్ సారు జీపులోనే స్టేషనుకు తీసుకుపోతాడంట. ఆ పిల్ల మా నాయనకు పెట్టిన అన్నం నేను కూడా పెట్టలేదమ్మా."

"కడపంక్తికి ఇంకా ఎంతసేపు?"

"ఇంగొక పంక్తి. అంతే."

నాగరత్న ఇంట్లోకి నడిచింది. గుమ్మం తగిలి నుదురు మోగింది. ఆ ఇళ్ళు కట్టిన దొరలు తమ బంగళాలకు పెట్టిన ఎత్తు కూలీల ఇళ్ళకు అక్కర్లేదనుకున్నారు.

* * *

కృష్ణప్ప చనిపోయిన గదిలో ఇనప మంచం, దాని పక్కన ఊపిరి మిషన్, ఒక ట్రంకు పెట్టె. పెట్టె మీద సునీల్ లాప్‌టాప్. దానినుంచి ఒక కేబులు కిటికీ చువ్వల్లోంచి బయటి టీవీకి పోతోంది.

గది చీకటిగా ఉంది. మిషన్ స్విచ్ కోసం నాగరత్న నాలుగు గోడలూ తడిమింది. దొరకలేదు.

"ఆడ కాదమ్మా, తలుపు కర్టెన్ ఎనకాల, పైన" అంది తలుపు అవతల, వంటింటి గుమ్మంలోంచి ఒక గొంతు.

చంద్రిక. ముప్ఫై ఏళ్ళు దాటని పొట్టి మనిషి. సమారాధనకు గుట్టలుగా పడ్డ అంట్లు తోముతోంది. హంతకురాలని చెప్పుకుంటున్నవాళ్ళే ఆమె చేత గిన్నెలు తోమిస్తున్నారు. సిగ్గులేనితనానికి కూడా పనిమనుషులు కావాలి.

"ఆ పొద్దు ఏం జరిగిందో చెప్పమ్మా."

"పెద్దాయనకు మీసం తీసినాను" అంది చంద్రిక. అక్కడే ఆగింది, అదే పెద్ద నేరమైనట్టు.

"ఎందుకు?"

"మిషన్ మాస్కు మూతికి అతుక్కోవాల గదమ్మా. మీసం సందుల్లోంచి గాలంతా పోతా ఉండింది. రాత్రంతా ఎగశ్వాస. పాపం, ఆయనే అన్నాడు, తీసెయ్ పాపా, మీసంతో గని దిగినాను, మీసం లేకుండా పైకి పోతాను అని. వేణ్ణీళ్ళతో మెత్తగా నానబెట్టి తీసినాను. మాస్కు పెడితే ఒక్క చుక్క గాలి బయటికి పోలేదు. నిద్రపోయినాడమ్మా, ఎన్ని దినాలకో."

నాగరత్న కాసేపు ఆ దిండు వైపు చూసింది. ఊపిరాడని మనిషికి ఒక పూట నిద్ర.

"తరువాత?"

"పదకొండుకు మందులకని అంగడికి పోయినాను. వచ్చేసరికి పన్నెండు దాటింది. మిషన్ నిలిచిపోయి ఉండింది. గోడ స్విచ్ ఆఫ్. నేనే అందరికీ చెప్పినాను స్విచ్ ఆఫ్ అయి ఉండిందని. ఇప్పుడు నువ్వే ఆపినావంటా ఉండారు."

నాగరత్న కర్టెన్ పక్కకు తీసింది. మనిషి తల కంటే ఎత్తులో పాత బోర్డు. రెండు స్విచ్‌లు, ఒకటి ఫ్యానుకి, ఒకటి మిషన్‌కి. మిషన్ స్విచ్ చుట్టూ మాత్రం దుమ్ము లేకుండా ఒక చతురస్రం.

"అక్కడ ఏముండింది?"

"ప్లాస్టరు. గాయానికి ఏసే తెల్ల ప్లాస్టరు. ఎవురూ తెలీక ఆఫ్ చెయ్యకుండా నేనే అంటించినాను, స్టూలు ఎక్కి. అది యాడ పోయిందో కనపడలేదు."

"మళ్ళీ ఎక్కు."

చంద్రిక చేతులు తుడుచుకుని జానెడు ఎత్తు స్టూలు ఎక్కింది. మునివేళ్ళ మీద లేస్తే వేళ్ళు స్విచ్‌ను తాకాయి. అంతకంటే ఒక్క అంగుళం పైకి పోలేదు.

నాగరత్న సెల్‌ఫోను లైటు పైకి తిప్పింది. బోర్డుకు జానెడు పైన, గోడకు అంటుకుని, ఆ ప్లాస్టరు ముక్క. ఎవరో ఊడదీసి, వేలికి అంటుకుంటే విసుక్కుని అక్కడ రుద్దేశారు. స్టూలు అక్కర్లేనంత పొడుగు మనిషి.

"దిగమ్మా" అంది నాగరత్న. "పోయి నీ పని చూసుకో. కాదులే, పని మానేసి కూర్చో. ఆ గిన్నెలు తిన్నోళ్ళు తోముకుంటారు."

* * *

"ఏమ్మా నాగరత్నా, స్టూలు మీద పరిశోధనా?"

అంబరీష్ తల వంచి గుమ్మం దాటి లోపలికి వచ్చాడు. కోలారులో డిటెక్టివ్ ఏజెన్సీ, జీపు మీద తన పేరు బంగారు రంగు అక్షరాల్లో. కేసు ఏదైనా మొదటి గంటలోనే బీదవాళ్ళలో ఒకరిని ఎంచుకుని, మిగతా రోజులు వాళ్ళకు తగిన నేరం కుట్టడం అతని పద్ధతి. అతన్ని పిలిపించింది సునీల్.

"నువ్వెప్పుడు వచ్చినావు ఈ ఇంటికి?" అంది నాగరత్న.

"ఈ పొద్దే. ఇదే ఫస్ట్ టైము. ఇట్లాంటి కొంపలకి నేను రాను, నా మనుషుల్ని పంపిస్తాను. సింపుల్ మ్యాటర్ ఇది. ఆ పిల్లకు ఫోను ఛార్జింగు పెట్టుకునేదానికి ప్లగ్గు కావాల్సి వచ్చింది, మిషన్ ఆపింది, ముసలోడు పోయినాడు. ఇంత ఉక్కలో ఎట్ల నిలబడినావమ్మా?"

మాట్లాడుతూనే అతను చెయ్యి పైకెత్తి వెనక్కి చాచి, కర్టెన్ వెనకకు పోనిచ్చి, చూడకుండానే స్విచ్ నొక్కాడు. ఫ్యాను తిరిగింది.

నాగరత్న ఫ్యాను వైపు ఒకసారి, అతని వైపు ఒకసారి చూసింది.

"గాలి బాగుండాది. థ్యాంక్స్" అంది.

"మీసం సంగతి విన్నావా? బతికున్న మొగోడికి మీసం గొరిగింది! పెద్దలకు అదొక్కటి చెప్పినాను, చాలిపోయింది. రెండో మాట అడగలేదు."

"నువ్వు కూడా అడగలేదా?"

"ఏమని?"

"మీసం ఎందుకు తీసిందని."

"పిచ్చి ప్రశ్నలు. బీమా క్లెయిములకి తిరిగేదానివి, హత్య కేసులు నీకెందుకమ్మా? పెద్దల సంతకాలు అవతానే నేను పోతా ఉండాను. కావాలంటే బస్టాండు దాకా జీపులో ఎక్కు, ఎనక సీట్లో, ఆ పిల్ల పక్కన."

"ఎక్కుతాను. ముందు సునీల్‌ని ఒకసారి పిలువు. వీడియో చాలా బాగా చేసినాడు. నేర్చుకోవాలని ఉండాది."

అంబరీష్ పగలబడి నవ్వాడు. బయటికి తొంగి చూసి సునీల్‌ను కేకేశాడు. "రా అబ్బీ, ఈ అమ్మకు కంప్యూటర్ క్లాసంట!" తాను మాత్రం వెళ్ళకుండా తలుపుకు ఆనుకుని నిలబడ్డాడు. ఇంకొకరి మూర్ఖత్వం చూసే అవకాశాన్ని అతను ఎప్పుడూ వదులుకోడు.

* * *

సునీల్‌కుమార్ తెల్ల చొక్కా మీద అత్తరు కొట్టుకుని వచ్చాడు. పెదనాయన పోయిన దుఃఖం అతని జుట్టును చెదరగొట్టలేకపోయింది.

"అడగండి ఆంటీ."

"ముందు చిన్న సంగతి. మీ పెదనాయన పోయిన పొద్దు నువ్వు యాడ ఉండినావు?"

"బైరకూరులో. పట్టుపురుగులు నాలుగో జ్వరంలో ఉండినాయి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆకు ఏస్తానే ఉండినా. తల ఎత్తేదానికి టైము లేదు. ఈ ఇంటికి నేను ఉగాదికి వచ్చినది, అంతే."

"పాపం. ఎన్నిసార్లు ఏసినావు ఆకు?"

"ఎన్నని చెప్పేది? ఏసినదంతా తినేసినాయి."

నాగరత్న తల ఊపింది. ఆమె పుట్టింట్లో మూడు తరాలుగా పట్టుపురుగులు పెంచారు. పురుగు పొర విడిచే దశను జ్వరం అంటారు. అప్పుడు పురుగు తల పైకెత్తి రాయిలా ఉండిపోతుంది, ఒక్క ఆకు ముట్టదు. జ్వరంలో మేత వెయ్యరాదని పురుగుల ఇంట్లో పసిపిల్లలకు కూడా తెలుసు. ఇంట్లో అమ్మ, ఆలు చేసే పనిని తన కష్టంగా చెప్పుకోబోయే మొగవాడికి మాత్రమే తెలియదు. ఆ మాటను ప్రస్తుతానికి ఆమె నమిలి మింగేసింది.

"సరే. ఇంగ నేర్పు నాకు. ఫొటో మీద దీపం ఎట్ల వచ్చింది?"

సునీల్ ముఖం వెలిగింది. ట్రంకు ముందు కూర్చుని, బయట జనానికి కనపడకుండా ముందు కేబులు పీకేశాడు. షామియానాలో టీవీ నల్లబడింది, భజన ఆగింది. లాప్‌టాప్ తెర మీద పొడుగ్గా ఒకదాని పైన ఒకటి రంగురంగుల పట్టీలు కనిపించాయి.

"ఇది టైమ్‌లైన్. ఈ పట్టీలు లేయర్లు. అన్నిటికంటే పైన దీపం, దాని కింద ఫొటో. పైన ఉన్నదే కనపడతాది, కింద ఉన్నది కనపడదు. మీకు తెలిసేట్ల చెప్పాలంటే, గోడ మీద పోస్టర్ పైన పోస్టర్ అంటిస్తారు చూడండి, అట్ల."

"ఓహో. మరి దీపం ఫొటోను మూసెయ్యాల గదా? దీపం చుట్టూ ఏముండింది?"

"నలుపు. ఇంటర్నెట్లో దొరికే దీపాలన్నీ నల్ల బ్యాక్‌గ్రౌండు పైనే ఉంటాయి. మొదట్లో నాకూ తెలీలేదు. ఫొటో పైన నల్ల డబ్బా మాదిరి కూచుంది. మామూలోళ్ళు అక్కడే వదిలేస్తారు. నేను వదల్లా." చొక్కా కాలరు సర్దుకున్నాడు. "బ్లెండింగు అని ఒకటి ఉండాది ఆంటీ. పై లేయరూ కింది లేయరూ ఎట్ల కలవాలో చెప్పేది. దాంట్లో స్క్రీన్ అని ఒక మోడ్. అది పెడితే తెలుపు నిలబడతాది, నలుపు మాయమైపోతాది. గాజు మాదిరి. నలుపు ఉన్న చోటంతా కింద ఉన్నది కనపడతాది. దీపం మంట ఒకటే మిగులుతాది."

"నలుపంతా గాజు అయిపోతాదా! ఎంత తెలివి!"

"ఈ వయసులో మీకు కష్టమే. రెండు మూడుసార్లు చూస్తే వస్తాది."

తలుపు దగ్గర అంబరీష్ ఆవులించాడు. "అయిందా క్లాసు?"

"ఇంకొక్క డౌటు" అంది నాగరత్న. "ఆ స్క్రీన్ మోడ్ దీపానికి ఒక్కదానికే పెట్టినావా?"

"ఒక్కొక్కదానికి ఎవరు పెడతారు? రెండూ సెలెక్ట్ చేసినా, ఒకేసారి పెట్టేసినా. ఫొటోకు కూడా కొంచెం మెరుపు వచ్చింది, చూడండి."

"ఫొటోకు కూడా పెట్టినావు."

"ఊ."

"మీ పెదనాయన కోటు ఏ రంగు, సునీల్?"

సునీల్ నోరు తెరిచాడు. వేళ్ళు లాప్‌టాప్ మీద ఉన్నవి ఉన్నట్టే ఆగిపోయాయి.

"నలుపు" అంది నాగరత్న, అతని బదులు. "కోటంతా గాజు అయిపోయింది. నీ చిన్న తెర మీద నీకు కనపడలేదు. బయట పెద్ద టీవీ మీద చిక్కమ్మకు కనపడింది. ఫొటో కింద ఇంకో పట్టీ ఉండాది చూడు, ఆకుపచ్చది. అది ఏంది?"

"అది... అది పాత క్లిప్పు. ప్రాక్టీసుకు ఏసినది. ప్రతిసారీ కొత్త ప్రాజెక్టు ఎందుకని పాతదాంట్లోనే పైన పెట్టేస్తా. కింద ఉన్నది కనపడదు గదా అని..."

"పోస్టర్ పైన పోస్టర్."

పట్టీ పక్కన చిన్న కన్ను బొమ్మ ఉంది. చెయ్యి చాచి నాగరత్న దీపం పట్టీ కన్ను మూసింది. దీపం పోయింది. ఫొటో పట్టీ కన్ను మూసింది. నల్ల కోటూ గుబురు మీసమూ పోయాయి.

కింద మిగిలింది ఈ గదే. ఈ మంచమే. దాని మీద దిండుకు ఆనుకుని కృష్ణప్ప, బతికి ఉన్నాడు. మాస్కును ఎవరో కిందికి లాగితే మెడలో వేలాడుతోంది. చేత్తో ఛాతీ పట్టుకుని ఊపిరి పైకి కిందికి లాగుతున్నాడు. కోటులో కదిలిన నీడ ఆ చెయ్యే. శబ్దం లేదు. పట్టీ పక్కన స్పీకరు బొమ్మ మీద ఎర్ర గీత కొట్టి ఉంది.

"అది ఉగాదికి తీసినది!" అన్నాడు సునీల్. "నిజంగా ఆంటీ, ఉగాదికి..."

"మూతి చూడు."

కృష్ణప్ప పైపెదవి నున్నగా ఉంది.

"నలభై ఏండ్లు ఉన్న మీసం చనిపోయిన పొద్దే పోయింది. చంద్రిక తీసి, నిద్రపుచ్చి, మందులకు పోయింది. పన్నెండు దాటి వచ్చేసరికి ఆయన లేడు. మీసం లేని కృష్ణప్పను ప్రాణంతో చూసినోళ్ళు లోకంలో ఇద్దరే. చంద్రిక ఒకతె. ఈ సెల్‌ఫోను పట్టుకున్నోడు ఇంకొకడు. ఇంకో మాట అబ్బీ. జ్వరంలో ఉన్న పురుగు ఆకు తినదు. ఈసారి అబద్ధం చెప్పే ముందు మీ అమ్మను అడుగు."

సునీల్ కూర్చున్న చోటే వెనక్కి జరిగాడు. "నేనేం చెయ్యలేదు... పెదనాయన తోట నాకిస్తే లేఅవుటు ఏసి ప్లాట్లు అమ్ముకోవచ్చని, ఇస్తానన్న ఒక్క మాట వీడియోలో చెప్పించాలనే... నేను ఊరికే ఫోను పట్టుకున్నా..."

తలుపు గడియ పడిన చప్పుడు.

అంబరీష్ తలుపు మూసి, గడియ వేసి, దానికి వీపు ఆనించాడు. ముఖంలో ఆవులింత లేదు.

"భలే" అన్నాడు. "నాకు మొదటినుంచి వీడి పైనే అనుమానం. అందుకే వీడి పక్కనే ఉండి కనిపెడతా ఉండాను. సింపుల్ మ్యాటర్. లాప్‌టాప్ నాకు ఇయ్యమ్మా. సాక్ష్యం నేను భద్రంగా స్టేషనుకు చేరుస్తాను. పేపర్లో నీ పేరు కూడా ఏయిస్తాలే, రెండో లైన్లో."

"సార్!" అన్నాడు సునీల్. ఆ ఒక్క మాటలో కుక్క యజమాని కాలి దెబ్బ తిన్నప్పటి ఆశ్చర్యం ఉంది.

"నోరు మూసుకో నాయాలా. పెదనాయన్ని చంపి దీపం పెట్టినోడివి."

"నిజమే, సాక్ష్యం భద్రంగా ఉండాల" అంది నాగరత్న. వంగి, కింద పడి ఉన్న కేబులు కొస తీసుకుంది. "వైర్లు కాళ్ళకు అడ్డం పడతా ఉండాయి, ఉండు." కొసను లాప్‌టాప్ పక్కన బెజ్జంలో గుచ్చింది. వైర్ల సంగతి, పట్టీల సంగతి ఆడవాళ్ళూ పిల్లకాయలూ చూసుకునే చిల్లర పని అని అంబరీష్ ఉద్దేశం. అతను ఆమె చేతిని చూడలేదు, లాప్‌టాప్‌నే చూస్తున్నాడు.

"ఒక్కటి మాత్రం తెలీలేదు నాకు" అంది ఆమె. "ఈ ఇంటికి ఈ పొద్దే మొదటిసారి వచ్చిన మనిషి, నేను నాలుగు గోడలు తడిమినా దొరకని స్విచ్‌ను, చూడకుండా ఎట్ల ఏసినాడా అని."

అంబరీష్ ఒక్క అడుగు ముందుకు వేశాడు.

నాగరత్న క్లిప్పును మొదటికి జరిపి, ఎర్ర గీత ఉన్న స్పీకరు బొమ్మ మీద వేలు నొక్కింది.

ముందు మిషన్ చప్పుడు వచ్చింది. జుమ్మని, ఒకే శృతిలో. గదిలో కాదు. కిటికీ అవతల, షామియానాలో, భజన పాటకని తెచ్చిన రెండు పెద్ద సౌండు బాక్సుల్లోంచి.

ఆ తరువాత గొంతు వచ్చింది. పొద్దున్నుంచి ప్రతి పంక్తిలోనూ అందరూ విన్న గొంతు.

"సింపుల్ మ్యాటర్, ముసలోడా. తోట సునీల్‌కి ఇస్తా ఉండానని ఫోనులో చూసి చెప్పు. చెప్పకపోతే స్విచ్ ఆపేస్తా. నువ్వు చెప్పినాకే మళ్ళీ ఏస్తా."

బయట గరిటెల చప్పుడు ఆగిపోయింది. వడ్డించేవాళ్ళ అరుపులు ఆగిపోయాయి.

సౌండు బాక్సుల్లో ఒక దగ్గు. ఆ దగ్గు వెనక నవ్వు లాంటిది. కృష్ణప్ప, ఊపిరికీ ఊపిరికీ మధ్య ఒక్కొక్క మాటా ఏరుకుంటూ మాట్లాడాడు.

"భూమి లోపల... రెండు మైళ్ళ కింద... నాకు గాలి ఆపేస్తామన్నోళ్ళను... చూసినానప్పా. నువ్వు... స్విచ్ కాడ నిలబడిన... పిల్లోడివి. ఆపుకో. మీసమే పోయింది... నా మాట పోలా."

టిక్.

జుమ్మనే శృతి తెగిపోయింది. దాని వెంటనే మిషన్ అలారం. కరెంటు పోతే మోగే పలచటి కీచు, ఆగి ఆగి. షామియానా మీదుగా, లైను ఇళ్ళ మీదుగా, అందరి విస్తళ్ళ మీదుగా.

అంబరీష్ లాప్‌టాప్ మీదికి దూకాడు. నాగరత్న దాన్ని ఛాతీకి హత్తుకుని మంచం అవతలికి జరిగింది. అతను మంచం కాలు పట్టి ఒక్క గుంజు గుంజాడు. మంచం గోడను కొట్టుకుంది. సునీల్ మూలన కూలబడి చెవులు మూసుకున్నాడు.

అప్పుడే తలుపు మీద దెబ్బలు పడ్డాయి. పిడికిళ్ళతో కాదు, అరచేతులతో, సబ్బునురుగు తడి ఆరని అరచేతులతో.

"వస్తా ఉండా పెద్దాయనా, వస్తా ఉండా! ఎవురు గడియ ఏసినారు? తలుపు తీండి! మిషన్ నిలిచిపోయింది, వినపడలేదా మీకు? తీండి!"

చంద్రిక. అలారం విని పరుగెత్తుకు వచ్చింది. అది ఏనాటి అలారమన్నదీ, లోపల మంచం మీద ఎవరూ లేరన్నదీ ఆమె కాళ్ళకు గుర్తు రాలేదు.

ఆమె వెనక కుర్చీలు పడుతున్న చప్పుడు, గంగ కేక, ఒకరి తరువాత ఒకరుగా మనుషులు. మంచం కాలు పట్టుకున్న అంబరీష్ అలాగే ఉండిపోయి తలుపు వైపు చూశాడు. గడియ మేకులు దెబ్బదెబ్బకూ చెక్కలోంచి లేస్తున్నాయి.

నాగరత్న కేబులు పీకలేదు. అలారం అలాగే మోగనిచ్చింది.

"గడియ తియ్యి అంబరీష్" అంది. "ఈసారైనా ఆ పిల్లను లోపలికి రానియ్యి."